అద్దె పోర్షన్లకి వాడిన సామాను: బుడమేరు నీళ్ళు వచ్చి వెళ్ళాక ఏది నిలబడింది, ఏది పోయింది

చిన్న స్థలంలో నాలుగు పోర్షన్లు వేసి అద్దెకిద్దాం అనుకునేవాళ్ళు చాలామంది అడుగుతుంటారు కదా, ఏ ఇటుక వాడాలి, రేకులా శ్లాబా, బండలా టైల్సా అని. షాపుకెళ్తే షాపాయన తన దగ్గర ఉన్నదే మంచిదంటాడు, మేస్త్రిని అడిగితే ఆయన చేతికి అలవాటైందే మంచిదంటాడు, యూట్యూబ్‌లో వెతికితే అన్నీ విల్లాలూ డూప్లెక్స్‌లే. అందుకని మేము వాడినవీ, మా వీధిలోవాళ్ళు వాడినవీ ఎలా ఉన్నాయో ఉన్నది ఉన్నట్టు రాస్తున్నా, కాస్త పెద్దగానే ఉంటుంది, ఓపిగ్గా చదవండి.

మాది విజయవాడ, సింగ్‌నగర్ దాటాక పాయకాపురం వైపు. వెనకవైపు రెండు పోర్షన్లు మా మామగారు ఎప్పుడో కట్టించినవి, ఎర్ర ఇటుక గోడలు, పైన సిమెంట్ రేకులు. ముందు కింద రెండు పైన రెండు సింగిల్ బెడ్‌రూమ్ పోర్షన్లు మేము కట్టించుకున్నవి, ఫ్లై యాష్ ఇటుక (థర్మల్ స్టేషన్ బూడిదతో చేసేది), శ్లాబ్. మా ఆయనకి ఆటోనగర్‌లో పని, ఉదయం పోతే రాత్రికి గానీ రారు, అందుకని సామాను బేరం ఆడటం, లోడు దగ్గరుండి దింపించడం, లెక్క రాయడం అన్నీ నేనే చూసుకున్నా. మా దగ్గర అద్దెకుండేవాళ్ళు వెల్డింగ్ పనివాళ్ళు, బట్టల షాపుల్లో చేసేవాళ్ళు, ఆటో నడిపేవాళ్ళు, హాస్పిటల్లో నైట్ డ్యూటీ ఆయమ్మలు. అద్దె ఓ వెయ్యి పెరిగితే ఇల్లు మారిపోవాల్సిన జనం వీళ్ళు. అంటే మనం ఖర్చు ఎక్కువ పెట్టి అద్దె పెంచలేం, అలాగని నాసిరకం సామాను వేసి వాళ్ళని కారే ఇంట్లో, ఉడికిపోయే ఇంట్లో ఉంచడం కూడా న్యాయం కాదు. ఈ రెండిటి మధ్యే వెతుక్కోవాలి.

నా లెక్క ఒక్కటే అండి. సొంతిల్లయితే ఒకసారి కట్టుకుని ఉంటాం, అద్దె పోర్షన్ అలా కాదు, టెనెంట్ ఖాళీ చేసిన ప్రతిసారీ ఏదో ఒకటి బాగు చేయించాలి, ఆ పని జరిగినన్నాళ్ళూ అద్దె రాదు. కాబట్టి సామాను కొన్నరోజు బిల్లు చూసి ఇది చౌక అది ఖరీదు అనుకోకూడదు, అది ఎన్నిసార్లు మళ్ళీ మేస్త్రిని పిలిపిస్తుందో చూసి అనుకోవాలి. దానికి తోడు 2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరు వాగుకి గండ్లు పడి సింగ్‌నగర్ అంతా మునిగింది కదా, మా కింద పోర్షన్లలో నీళ్ళు నడుము దాటి రోజుల తరబడి అలాగే నిలిచిపోయాయి. ఆ బురద కడిగేసి చూసుకున్నాక ఏ వస్తువు విలువ ఎంతో తేటతెల్లంగా తెలిసిపోయింది.

ముందు ఇటుక సంగతి. మనకి పక్కనే ఇబ్రహీంపట్నంలో థర్మల్ స్టేషన్ ఉంది కాబట్టి బూడిదకి లోటు లేదు, ఆ చుట్టుపక్కల ఫ్లై యాష్ ఇటుక యూనిట్లు చాలా ఉన్నాయి. మేము కొన్నప్పుడు ఎర్ర ఇటుక కంటే ఒక్కోటి రెండు మూడు రూపాయలు తక్కువ పడింది. సైజు అన్నీ ఒకేలా ఉంటాయి, అంచులు తిన్నగా ఉంటాయి, గోడ లెవెల్‌గా లేస్తుంది కాబట్టి మాలు (సిమెంటూ ఇసుకా కలిపింది) తక్కువ పడుతుంది, ప్లాస్టరింగ్ కూడా పల్చగా సరిపోతుంది. ఎర్ర ఇటుకయితే ఒకటి పొడుగు ఒకటి పొట్టి, ఆ వంకరలు కప్పడానికే సిమెంట్ పోతుంది. ఇటుక దగ్గర మిగిలే డబ్బు కంటే ఈ ప్లాస్టరింగ్ దగ్గర మిగిలేదే నాకు ఎక్కువ అనిపించింది.

కానీ ఒక్క జాగ్రత్త. ఎర్ర ఇటుక బట్టీలో కాలి గట్టిపడుతుంది, ఇది కాలదు. బూడిద, రాతి డస్ట్, సిమెంట్ లేదా సున్నం జిప్సం కలిపి మిషన్లో నొక్కి, తర్వాత నీళ్ళు కొట్టి ఆరబెడతారు, దాని బలమంతా ఆ నీళ్ళు కొట్టడంలోనే ఉంది. రెండు మూడు వారాలు సరిగ్గా తడిపితేనే రాయిలా అవుతుంది. పనుల సీజన్లో గిరాకీ ఎక్కువైతే కొన్ని యూనిట్లు పచ్చి ఇటుకే లారీ ఎక్కించేస్తాయి. మాకు మొదటి లోడు బ్రహ్మాండంగా వచ్చింది, అదే యూనిట్ నించి తర్వాత వచ్చిన లోడు చూస్తే ట్రక్కు అడుగున నీళ్ళు కారుతున్నాయి, ఇటుక ముదురు బూడిద రంగులో ఉంది, మేకుతో గీస్తే పౌడర్ రాలుతూ లోపలికి దిగింది, రెండు ఇటుకలు కొట్టి చూస్తే ఖంగుమనలేదు, మూలలు చేతిలోనే విరిగాయి. డ్రైవర్ "సీజన్ కదమ్మా, గోడ కట్టాక అదే సెట్ అయిపోద్ది" అన్నాడు. గోడ కట్టాక సెట్ అవ్వడం అంటే గోడ మీదే ఆరి కుంచించుకుపోవడం, అప్పుడు ప్లాస్టరింగ్ మీద సన్న సన్న పగుళ్ళు వస్తాయి, మా మేస్త్రి గారు కూడా అదే చెప్పారు, "వద్దమ్మా, పంపించెయ్యండి, తర్వాత నన్నంటారు" అని. లోడు దింపనివ్వలేదు. ఫోన్లో కాసేపు గొడవైంది గానీ ఆరిన స్టాకు పంపారు.

ఇంకో టెస్ట్ ఇంట్లోనే చెయ్యొచ్చు. లోడులో నాలుగైదు చోట్ల నించి ఇటుకలు తీసి బాగా ఎండాక తూకం వెయ్యండి, ఒక రోజంతా బకెట్లో నానబెట్టి తుడిచి మళ్ళీ తూకం వెయ్యండి. బరువులో అయిదో వంతు, అంటే 20 శాతం కంటే ఎక్కువ నీళ్ళు తాగితే ఆ ఇటుక వద్దు. మూడు కిలోల ఇటుకైతే 600 గ్రాములు దాటకూడదు అన్నమాట. నేను పక్క కిరాణా కొట్టు కాటా మీద వేసి చూశా, ఆయన నవ్వాడు గానీ వాళ్ళబ్బాయి ఇల్లు కట్టేటప్పుడు ఆయనా అదే పని చేశాడు.

వరద తర్వాత గోడలు రెండు రకాలవీ నిలబడ్డాయి, ఆ విషయంలో భయం అక్కర్లేదు. తేడా చెమ్మ దగ్గర వచ్చింది. వెనక పాత పోర్షన్లలో నెలలు గడిచినా గోడ కింది భాగం తెల్లగా ఉప్పు పట్టి, చెయ్యి పెడితే పెచ్చులు ఊడొచ్చేవి. ముందు పోర్షన్లలో ఒక్క ఎండాకాలంతో ఆరిపోయాయి. దీంట్లో ఇటుక గొప్ప కంటే బేస్‌మట్టం గొప్పే ఎక్కువ అని నా నమ్మకం. మేము ప్లింత్ బీమ్ (పునాది పైన, గోడ కింద వేసే కాంక్రీట్ పట్టీ) వేసి దానిమీద వాటర్‌ప్రూఫ్ పౌడర్ కలిపిన సిమెంట్ పొర వేయించాం, పాతవాటికి అది లేదు. మొత్తం ఖర్చులో ఇది లెక్కలోకి కూడా రాదు, కానీ మా వైపు లోతట్టు నల్లమట్టి నేలల్లో అది లేకుండా గోడ లేపితే జీవితాంతం లప్పం (పుట్టీ) పెట్టుకుంటూ కూర్చోవాలి. అలాగే లోపల ఫిల్లింగ్‌కి బుసక (సన్న ఇసుక మట్టి) తోలించేటప్పుడు ఇంకో రెండు ట్రాక్టర్లు ఎక్కువే తోలించండి, మున్సిపాలిటీవాళ్ళు రోడ్డు వేసిన ప్రతిసారీ రోడ్డు పైకి లేస్తుంది, మన ఇల్లు కిందకి దిగుతుంది.

ఏఏసీ బ్లాకులు, అదే తెల్లగా తేలిగ్గా ఉండే పెద్ద బ్లాకులు, ఇవి మేము వాడలేదు, మా ఎదురింటివాళ్ళు వాడారు, వాళ్ళ పోర్షన్లు రోజూ చూస్తాను కాబట్టి చెప్తున్నా. పని చాలా స్పీడుగా అవుతుంది, పైన పోర్షన్లో మధ్యాహ్నం పూట మాకంటే చల్లగా ఉంటుంది, ఇది నిజం. కానీ కింద నీళ్ళు నిలిచిన గోడలు ఆరడానికి చాలా టైం పట్టింది, ఆ బ్లాకు నీళ్ళు బాగా పీల్చుకుంటుంది. ఇంకోటి మేకుల సమస్య. అద్దెకొచ్చినవాళ్ళు మేకు కొట్టకుండా ఉండరు, దేవుడి పటం, క్యాలెండరు, దోమతెర తాడు, టీవీ స్టాండు. మామూలు మేకు ఏఏసీలో నిలవదు, కదిలి కదిలి పెద్ద బొక్క అవుతుంది, ఖాళీ చేసి వెళ్ళేసరికి గోడ నిండా అవే. అందుకని కింద ఫ్లోర్‌కి, అదీ మా లాంటి ఏరియాలో, ఫ్లై యాషే బెటర్. పైన అంతస్తుకి ఏఏసీ ఆలోచించొచ్చు.

సిమెంట్ గురించి ఎక్కువ చెప్పేదేం లేదు. జగ్గయ్యపేట వైపు ఫ్యాక్టరీలు ఉన్నాయి కాబట్టి మనకి సరుకు తాజాగానే వస్తుంది, కాకపోతే బస్తా మీద వారం, నెల, సంవత్సరం ముద్ర చూసుకోండి, మూడు నెలలు దాటింది తీసుకోవద్దు. మేము గోడలకీ ప్లాస్టరింగ్‌కీ శ్లాబ్‌కీ అన్నిటికీ పీపీసీయే, అంటే బూడిద కలిపిన సిమెంటే వాడాం. 53 గ్రేడ్ మామూలు సిమెంట్ కంటే బస్తా మీద కొంత తగ్గుతుంది, నిదానంగా గట్టిపడుతుంది కాబట్టి ప్లాస్టరింగ్‌కి పగుళ్ళు కూడా తక్కువ. ఆ నిదానం వల్లే సెంట్రింగ్ (శ్లాబ్ ఆరేదాకా కింద ఆనించే చెక్కలు, కర్రలు) తొందరపడి తీయనివ్వకూడదు, సెంట్రింగ్ ఆయన "వేరే సైటుకి కావాలి" అని రోజూ ఫోన్ చేస్తాడు, అయినా మెత్తబడొద్దు. 2025 సెప్టెంబర్ 22 నించి సిమెంట్ మీద జీఎస్టీ 28 నించి 18 శాతానికి తగ్గింది, ఇప్పుడు మొదలుపెట్టేవాళ్ళు కొటేషన్ పాత రేటు మీద ఇస్తున్నారేమో చూసుకోండి.

ఇసుక 2024 జూలై నించి మన ఆంధ్రాలో ఉచితమే గానీ తవ్వకం, లోడింగ్, రవాణా మనమే కట్టాలి, చివరికి మన గుమ్మం దగ్గరికి వచ్చేసరికి ఎంత పడుతుందో అదే అసలు రేటు. కొనేముందు చిన్న పరీక్ష: నిటారుగా ఉన్న గాజు సీసాలో సగం దాకా ఇసుక పోసి, కొంచెం ఉప్పు కలిపిన నీళ్ళు పోసి బాగా ఊపి మూడు గంటలు కదపకుండా పెట్టండి. ఇసుక కింద దిగి పైన ఒండ్రు పొర వేరుగా కనపడుతుంది. ఆ పొర ఇసుకలో పన్నెండో వంతు దాటితే ఆ ఇసుక ఫిల్లింగ్‌కి తప్ప దేనికీ పనికిరాదు. ప్లాస్టరింగ్ తొందరగా రాలిపోయే ఇళ్ళు చూస్తే సగం ఈ ఒండ్రు ఇసుక పుణ్యమే.

ఐరన్ దగ్గర మాత్రం కాస్త ఆగి చదవండి, ఎందుకంటే చిన్న బిల్డింగులవాళ్ళు ఎక్కువ నష్టపోయేది ఇక్కడే. కొన్ని షాపుల్లో కిలో లెక్కన కాకుండా రాడ్డు లెక్కన అమ్ముతారు, పన్నెండు ఎంఎం రాడ్డు ఇంత అని. రేటు వినడానికి తక్కువే ఉంటుంది. కానీ పన్నెండు మీటర్ల పొడవు, 12 ఎంఎం రాడ్డు దాదాపు 10.6 కిలోలు తూగాలి, 8 ఎంఎం అయితే 4.7 కిలోలు. 12 ఎంఎంకి ఓ 5 శాతం అటూ ఇటూ ఐఎస్ 1786 అనే రాడ్ల ప్రమాణం ప్రకారం ఒప్పుకుంటారు, అంతే. ఒక షాపులో రాడ్డు లెక్కన చెప్పిన రేటు బాగుందని, కాటా వెయ్యమని అడిగా. ఆయన కాటా బాగోలేదన్నాడు, పక్క షాపులో వేద్దామంటే మొహం మాడ్చుకున్నాడు. వేయించాం. పది కిలోలు కూడా తూగలేదు. అంటే మన డబ్బే కాదు, శ్లాబ్‌లో ఉండాల్సిన ఇనుమే తగ్గిపోతుంది కదా, ఆ శ్లాబ్ కింద చిన్నపిల్లలు పడుకుంటారు. ఇలాంటి చోట బేరం ఆడకండి, లేచి వచ్చెయ్యండి. మేము చివరికి ఐఎస్ఐ మార్కు ఉన్న 500డీ గ్రేడు రాడ్డే కిలో లెక్కన కొన్నాం. రాడ్డు మీద బ్రాండు, గ్రేడు పోతపోసినట్టు ఉంటాయి, ఐఎస్ఐ లైసెన్సు నంబరు బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే ఆ కంపెనీ పేరు రావాలి.

ఇక పైకప్పు. మా మామగారి రోజుల్లో రేకులే అందుబాటు, తప్పుపట్టలేం. కానీ మే నెలలో బెజవాడ ఎండ మీకు చెప్పక్కర్లేదు. వెనక పోర్షన్లో ఉండే ఆయమ్మ రాత్రంతా డ్యూటీ చేసొచ్చి పగలు పడుకోవాలి, పదకొండయ్యేసరికి రేకు వేడి మొహాన కొడుతుంది, తడిగుడ్డ కప్పుకుని పడుకునేది, మధ్యాహ్నం అయితే మా వరండాలోకి వచ్చేసేది. అది చూశాక రేకులతో కొత్త గది కట్టే ఆలోచన నాకు అస్సలు రాలేదు. డబ్బు లెక్కలో చూసినా రేకుల గదికి అద్దె తక్కువ వస్తుంది, ఏప్రిల్ వస్తే ఖాళీ చేసేస్తారు, శ్లాబ్‌కి ఎక్కువ పెట్టింది ఆ తేడాలో నిదానంగా తిరిగొచ్చేస్తుంది. స్థోమత లేక రేకులే వెయ్యాల్సొస్తే కనీసం ఎత్తు పెంచండి, పైన తెల్ల కూల్ రూఫ్ పెయింట్ వేయించండి. మేము పాత రేకుల మీద వేయించాం, లోపల చెయ్యి పైకి పెడితే చాలు, తేడా తెలిసిపోతోంది, ఆయమ్మ కూడా "ఇప్పుడు కాస్త నిద్ర పడుతోందమ్మా" అంది. తెలంగాణలో అయితే 2023లో కూల్ రూఫ్ పాలసీ అనే తెచ్చారు, మన దగ్గర కూడా ఇలాంటి చిన్న ఇళ్ళకి అలాంటిది రావాలి. ఒక హెచ్చరిక, పాత సిమెంట్ రేకుల్లో ఆస్‌బెస్టాస్ ఉంటుంది, వాటిని కట్ చెయ్యడం, డ్రిల్లింగ్ చెయ్యడం, రుద్దడం చేయించొద్దు, ఆ దుమ్ము ఊపిరితిత్తులకి చాలా ప్రమాదం. మేము నీళ్ళతో తడిపి మెత్తటి చీపురుతో మాత్రమే తుడిపించాం, పెయింట్ వేసే అబ్బాయికి మాస్కు ఇచ్చాం.

శ్లాబ్ మీద మేము టైల్స్ షాపుల్లో విరిగిన తెల్ల టైల్ ముక్కలు తెచ్చి పరిపించాం. ముక్కలు దాదాపు ఫ్రీ, మాలు కూలీ మనది. వాన నీళ్ళు నిలవకుండా వాటం ఇచ్చి వేయించాలి. ఎండ తిప్పికొడుతుంది, కారడం లేదు, దీనికి నా దగ్గర వంక పెట్టడానికి ఏమీ లేదు. శ్లాబ్ వేసేటప్పుడే ఫ్యాన్ హుక్‌తో పాటు ప్రతి గదిలో ఉయ్యాలకి ఇంకో గట్టి కొక్కెం పెట్టించండి, చంటిపిల్లల తల్లులు ఇల్లు చూడ్డానికి వచ్చినప్పుడు ముందు తలెత్తి దాన్నే చూస్తారు.

తలుపులూ గుమ్మాల దగ్గర నాకు బాగా నచ్చింది పాత సామాన్ల షాపు. పాత ఇళ్ళు పడగొట్టినప్పుడు వచ్చిన టేకు గుమ్మాలు, తలుపులు, కిటికీలు అమ్ముతారు కదా, అక్కడ ఓపిగ్గా వెతికితే కొత్త ఫ్లష్ డోర్ (ప్లైవుడ్ పొరలు అతికించి చేసే తలుపు) రేటుకి పాత టేకు తలుపు దొరుకుతుంది. సైజులు ముందే రాసుకుని వెళ్ళాలి, ఇంకా మంచిది గోడ కట్టకముందే తలుపులు కొనేసి ఆ సైజుకే సందు వదిలించుకోవడం, మేము అలాగే చేశాం. చెదలు ఉందేమో అడుగు అంచున స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడండి. వరద తర్వాత ఈ పాత టేకు తలుపులు కడిగి నీడన ఆరబెడితే మళ్ళీ మామూలు అయిపోయాయి, ఒకదానికి మాత్రం అడుగున కాస్త రందా పట్టాల్సొచ్చింది. పక్కింట్లో మామూలు ఫ్లష్ డోర్లు పొరలు పొరలుగా విచ్చుకుని బూరెల్లా ఉబ్బాయి, అన్నీ పారేశారు. కప్‌బోర్డులకి పార్టికల్ బోర్డు వాడినవాళ్ళ సంగతి చెప్పనే అక్కర్లేదు, తడిసిన అట్టముక్కల్లా చేతికొచ్చాయి. మేము అరలకి కడప బండలే వేయించాం, కడిగాం, అంతే, మళ్ళీ డబ్బాలు సర్దుకున్నారు.

బాత్రూమ్‌లకి డబ్ల్యూపీసీ (చెక్కపొడి, ప్లాస్టిక్ కలిపి చేసినవి) తలుపులు పెట్టాం, పీవీసీ కంటే రేటు ఎక్కువే కానీ తన్నినా పగలదు, నీళ్ళకి ఏమీ కాదు, బందులు మాత్రం స్టీల్‌వి అడగండి, తుప్పు పట్టేవి ఇచ్చేస్తారు. బాత్రూమ్ గుమ్మాలు సిమెంట్‌వి, రెడీమేడ్‌గా అమ్మేవి, చాలా తక్కువలో వచ్చాయి. చెదలు లేదు, ఉబ్బడం లేదు. బందులు బిగించే చోట కర్ర ముక్క సరిగ్గా దిగిందో లేదో కొనేటప్పుడే చూసుకోవాలి, అది వదులైతే తలుపు వేలాడుతుంది, అదొక్కటే దాని లోపం.

ఫ్లోరింగ్‌కి బేతంచర్ల నాపరాళ్ళు వేయించాం, పాలిష్‌వి. బండల రేటు తక్కువ, పరిచే కూలీ, ఆపైన పాలిష్ కలిపితే చవక టైల్స్‌తో దాదాపు సమానం అయిపోతుంది, ఇది ఎవరూ ముందు చెప్పరు. అయినా నేను బండలకే ఓటేస్తా. గ్యాస్ సిలిండర్ దొర్లించుకుంటూ తెస్తారు, రోలు కిందపెట్టి దంచుతారు, మంచం లాగుతారు, టైల్ అయితే మూల పెట్లుతుంది. ఒక్క టైల్ పగిలితే రెండేళ్ళ తర్వాత అదే డిజైన్ దొరకదు, గది మధ్యలో వేరే రంగు అతుకు. బండ పగలదు, గీతలు పడితే మళ్ళీ పాలిష్ పట్టిస్తే కొత్తదే. ఒక్క శత్రువు ఉంది దీనికి, యాసిడ్. ఇది సున్నపురాయి జాతి, బాత్రూమ్ కడిగే యాసిడ్ చుక్క పడితే నురగ వచ్చి మెరుపు పోయి గరుకైపోతుంది. అందుకే బాత్రూమ్‌లో బండలు వద్దు, అక్కడ జారని సిరామిక్ టైల్సే వేయించండి, ఒక పెట్టె అదనంగా కొని అటక మీద పెట్టుకోండి. కొత్తగా వచ్చిన ప్రతి టెనెంట్‌కీ నేను ఇల్లు అప్పజెప్పేటప్పుడే చెప్తా, హాల్లో సబ్బునీళ్ళు తప్ప ఏమీ వాడొద్దమ్మా అని.

పైపుల దగ్గర పిసినారితనం పనికిరాదు. ఇటుకలో మిగిల్చిన డబ్బు ఇక్కడ పెట్టండి. లోపల నీళ్ళకి సీపీవీసీ (వేడినీళ్ళకి కూడా ఆగే ప్లాస్టిక్ పైపు), మురుగుకి ఎస్‌డబ్ల్యూఆర్ (మురుగు, వాన నీళ్ళ కోసం చేసే పైపు). ఈ ఎస్‌డబ్ల్యూఆర్‌లో టైప్ ఏ, టైప్ బీ అని రెండుంటాయి, ఏ పల్చన, వాన నీళ్ళకీ గాలి గొట్టాలకీ మాత్రమే, లెట్రిన్‌కి టైప్ బీ వెయ్యాలి. ప్లంబర్‌కి మొత్తం కాంట్రాక్టు ఇచ్చేస్తే రెండూ ఒకటే అంటాడు, పైపు మీద రాసుంటుంది, చదవండి. మేము పైపులు గోడలో దాచకుండా వెనక గోడ బయటే దించాం, చూడ్డానికి అంత బాగోదు నిజమే, కానీ లీకు వస్తే గోడ పగలగొట్టక్కర్లేదు, టైల్ కదపక్కర్లేదు. ఎండకి పెళుసు ఎక్కకుండా ఒక కోటింగ్ పెయింట్ వేయించాం. పైన పోర్షన్ల బాత్రూమ్ కింద శ్లాబ్‌లో వాటర్‌ప్రూఫింగ్ చేయించి నీళ్ళు నింపి రెండు రోజులు అలాగే వదిలి, కింద చెమ్మ రాలేదని చూశాకే టైల్స్ వేయనిచ్చాం. ట్యాపులు ఐఎస్ఐ మార్కు పీటీఎంటీవి (గట్టి ప్లాస్టిక్‌వి) చాలు, ఇత్తడివి పెడితే అద్దెకి తేడా ఏమీ రాదు.

గోడలకి లప్పం కింద పోర్షన్లలో వద్దు అంటాను నేను. చెమ్మ ఉన్న గోడకి లప్పం బొబ్బలెక్కుతుంది, దాని వెనకే పెయింటూ పోతుంది. నున్నగా ప్లాస్టరింగ్ చేయించి ప్రైమర్ కొట్టి, మామూలు ఎమల్షన్ లేత రంగు వేయిస్తే టెనెంట్ మారినప్పుడు ఒక్క కోటింగ్‌తో అయిపోతుంది. నాలుగు పోర్షన్లకీ ఒకే రంగు, ఒకే షేడ్ నంబరు పెట్టుకోండి, మిగిలిన డబ్బా వృథా పోదు.

కరెంటు పని. లైట్లకి 1.5, ప్లగ్గులకి 2.5, గీజరు ఏసీ పాయింట్లకి 4 స్క్వేర్ ఎంఎం రాగి వైరు, కట్ట మీద ఐఎస్ 694 అనే వైర్ల ప్రమాణం నంబరు చూసి తీసుకోండి. ప్రతి పోర్షన్‌కీ విడిగా 30 మిల్లీ యాంప్స్ ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్) పెట్టించాం, ఇనుప బీరువాలూ తడి బట్టల తీగలూ ఉండే ఇళ్ళివి, ఎవరి ప్రాణమైనా ప్రాణమే, దాని ఖర్చు గురించి ఆలోచించొద్దు. పాత పోర్షన్లలో ప్లగ్గులు నేలకి అడుగు ఎత్తులో ఉండేవి, వరదకి బోర్డులన్నీ బురదతో నిండి మార్చాల్సొచ్చింది. ఇప్పుడు అన్నీ నాలుగున్నర అడుగుల పైనే, మీటర్లు మెట్ల పక్కన ఇంకా ఎత్తులో, వైర్లు శ్లాబ్ నించి కిందకి దింపాం, నేలలోంచి ఒక్కటి కూడా లేదు.

వచ్చే ఏడాది పైన ఇంకో రెండు పోర్షన్లు వేసే ఆలోచన ఉంది. పునాది మీద బరువు తగ్గుతుందని ఇంజినీర్ గారు ఏఏసీ చెప్తున్నారు, పైన అంతస్తు కాబట్టి నీళ్ళ భయం లేదు, మేకుల కోసం ప్రతి గదిలో ఒక గోడకి చెక్క పట్టీ బిగిస్తానని మేస్త్రి గారు అంటున్నారు. ఒక ఎండాకాలం, ఒక వానాకాలం గడిచాక దాని సంగతి కూడా రాస్తా. ఈలోపు సింగ్‌నగర్, వాంబే కాలనీ, కండ్రిక వైపు ఎవరైనా పై అంతస్తుకి ఏఏసీ వాడి ఉంటే శ్లాబ్ కింద బీమ్‌కీ బ్లాకుకీ మధ్య పగుళ్ళు వచ్చాయా, వస్తే మెష్ (ప్లాస్టరింగ్ కింద వేసే జాలీ) వేశారా లేదా అన్నది చెప్పండి, నాకు అదొక్కటే తేలాలి.